వంశధార నీటికి ఆర్వో లేని ఫిల్టరు: ప్లాస్టిక్ రేణువుల విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

ఒడిశాలోని మా గుణుపురంలో వాటర్ ఫిల్టరు కావాలని అడిగిన వారికి దుకాణదారు ముందుగా చూపించేది ఆర్వో యంత్రాన్నే. మా ఇంట్లో బిగించినది ఆర్వో లేని రకం. ఇందులో 5 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్పన్ ఫిల్టరు ఒకటి, పలుకుల కార్బన్ నింపిన గొట్టం ఒకటి, గట్టిగా అదిమి చేసిన కార్బన్ బ్లాకు ఒకటి, చివర అల్ట్రాఫిల్ట్రేషన్ పొర, అంటే దుకాణాల్లో యూఎఫ్ అని పిలిచేది, వరుసగా ఉంటాయి. దీనికి కరెంటు అక్కరలేదు, మోటారు లేదు, కొళాయి ఒత్తిడితోనే నడుస్తుంది, ధర పదివేల లోపే. పెట్టె మీద ‘మైక్రోప్లాస్టిక్స్ 99.9 శాతం తొలగింపు’ అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ ఒక్క మాటను పట్టుకుని రాస్తున్నది. నీటి రుచి గురించీ యంత్రం గోడ మీద ఆక్రమించే చోటు గురించీ కొన్నవారెవరైనా చెప్పగలరు. నదిలోని ప్లాస్టిక్ రేణువులు పురుగుమందులనూ నూనె మురికినీ వెంటబెట్టుకుని వస్తున్నాయని చదివి, ఆ భయంతో ఫిల్టరు కొనాలనుకునే వారికి ఇది ఏ మేరకు పనికొస్తుందో మాత్రం దుకాణంలోనూ, ప్రకటనల్లోనూ ఎవరూ విడమరచి చెప్పడం లేదు. కంపెనీ పేరు గానీ దుకాణం పేరు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఇదే అమరిక వేర్వేరు పేర్లతో రాయగడలోనూ, పర్లాకిమిడిలోనూ, సరిహద్దు దాటితే పాతపట్నంలోనూ దొరుకుతున్నది కనుక పేరు తెలియనంత మాత్రాన చదివేవారికి నష్టమేమీ లేదు.

మా వీధి కొళాయికి వచ్చేది వంశధార నీరు. కలహండి జిల్లా కొండల్లో పుట్టి, రాయగడ జిల్లాలో గుణుపురాన్ని ఒరుసుకుంటూ వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ నది పొడవు సుమారు 250 కిలోమీటర్లు. ఒడ్డున పెద్ద నగరమేదీ లేదు కాబట్టి ఈ నీటికి ఏ దోషమూ లేదన్న నమ్మకం మా వైపు గట్టిగా ఉంది. అయితే రాయగడ జిల్లా ఒడిశాలో పత్తి ఎక్కువగా పండే జిల్లాల్లో ఒకటి. పత్తి ఉన్నచోట పురుగుమందు ఉంటుంది, పురుగుమందు ఉన్నచోట దాని సీసాలూ ప్యాకెట్లూ ఉంటాయి, అవి గట్టు మీదనే ఎండకు పెళుసెక్కి ముక్కలై మొదటి వానకు గెడ్డల్లోకి దిగుతాయి. వాటికి ఎరువుల బస్తాల నుంచి ఊడిన పోగులు, షాంపూ సాచెట్లు, చేపల వలల నైలాన్ దారాలు, రేవులో ఉతికిన పాలియెస్టర్ చీరల నుంచి రాలే నూగు, రోడ్డు మీద అరిగిన టైర్ల పొడి తోడవుతాయి. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన ఇలాంటి ముక్కలన్నిటినీ కలిపి మైక్రోప్లాస్టిక్స్ అంటున్నారు. 2004లో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం ప్రచురించిన పత్రంతో ఆ పేరు వాడుకలోకి వచ్చింది.

రేణువు ఒక్కటే అయితే అది వట్టి చెత్త. దానికి విషం అంటుకునే తీరు ఏమిటో తెలియకపోతే ఫిల్టరులో ఏ భాగం ఎందుకు ఉందో అర్థం కాదు. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా ఎరుపూ వాసనా పూర్తిగా వదలవు. అదే గాజు జాడీ అయితే ఒక్క కడుగుతో శుభ్రపడుతుంది. కారంలోని రంగు నూనెలో కరిగేది, నీటితో పొసగనిది, కనుక నూనె స్వభావం గల ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది. నదిలో జరిగేది కూడా ఇదే. నీటిలో ఇమడలేని కర్బన పదార్థాలు, అంటే డీడీటీ, క్లోర్‌పైరిఫాస్ వంటి పురుగుమందులు, ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో ఒకప్పుడు వాడిన పీసీబీలు, బొగ్గూ డీజిలూ కాలితే పుట్టే బహువలయ హైడ్రోకార్బన్లు మొదలైనవి, తమకు అనువైన ఉపరితలం ఏది దొరికితే దాన్ని ఆశ్రయిస్తాయి. పాలీప్రొపిలీన్ గుళికలను సముద్రపు నీటిలో ఉంచి పరిశీలించిన జపాన్ పరిశోధకులు, పీసీబీలు, డీడీటీ విచ్ఛిన్నం కాగా మిగిలే డీడీఈ ఆ గుళికల్లో చుట్టూ ఉన్న నీటిలో కన్నా లక్ష నుంచి పది లక్షల రెట్లు చిక్కగా పేరుకున్నాయని 2001లో తెలియజేశారు. ఆ బృందంలోని హిదెషిగె తకాడా 2005లో ప్రపంచం నలుమూలల నుంచి తీరాలకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గుళికలను పోస్టులో తెప్పించుకుని పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టారు. ఏ దేశపు తీరంలో ఏ విషం ఎంత ఉందో చెప్పడానికి ఆ గుళికలే కొలమానం అయ్యాయి.

అన్ని మందులూ ఇలా ప్లాస్టిక్ ఎక్కి రావు. ఈ తేడా గమనించకుండా భయపెట్టే రాతలు చాలా కనిపిస్తున్నాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఒక పదార్థం నీటిని వదిలి నూనెలాంటి ద్రవంలోకి ఎన్ని రెట్లు ఎక్కువగా చేరుతుందో కొలిచే సంఖ్య ఒకటి రసాయన శాస్త్రంలో ఉంది. క్లోర్‌పైరిఫాస్‌కు అది సుమారు 50 వేల రెట్లు, డీడీటీకి పది లక్షల రెట్లకు పైనే. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందుకు నాలుగు రెట్లు కూడా ఉండదు. కలుపు మందు గ్లైఫోసేట్ పూర్తిగా నీటి పక్షమే. అందుచేత పత్తి చేల నుంచి వచ్చే వాటిలో క్లోర్‌పైరిఫాస్ వంటివి ప్లాస్టిక్ మీద ప్రయాణం చేస్తాయి, ఇమిడాక్లోప్రిడ్, గ్లైఫోసేట్ ప్రధానంగా నీటిలో కరిగే వస్తాయి. డీడీటీ సంగతి వేరు. వ్యవసాయంలో దాని వాడకాన్ని మన దేశం 1989లోనే నిషేధించినా, మలేరియా నిర్మూలన కోసం ఇళ్ల గోడలకు చల్లడం ఆ తర్వాత కూడా కొనసాగింది. మలేరియాకు పేరుపడ్డ ఈ కొండ ప్రాంతంలో ఆ తెల్లటి మరకలున్న గోడలు చూడని పెద్దవారు ఉండరు. మట్టిలో దశాబ్దాల తరబడి నిలిచే పదార్థం అది.

ప్లాస్టిక్కుల్లో కూడా అన్నీ ఒక్కటి కావు. క్యారీబ్యాగుల పాలిథీన్ గది ఉష్ణోగ్రతలో మెత్తగా, దాని అణు గొలుసుల మధ్య సందులుండేలా ఉంటుంది కనుక విషాన్ని లోపలికంటా పీల్చుకుంటుంది. నీళ్ల సీసాల పెట్, గొట్టాల పీవీసీ గాజులా బిగుసుకుని ఉండడం వల్ల ఎక్కువగా పైపైనే పట్టుకుంటాయి. ఎండకు పాతబడిన ముక్క మీద పగుళ్లు పెరిగి ఉపరితలం విస్తరిస్తుంది, ఆక్సిజన్ చేరి దాని స్వభావం కొంత నీటి వైపు మొగ్గుతుంది. అప్పుడు డీడీటీ లాంటి వాటి మీద మోజు తగ్గి, సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లను పట్టుకునే గుణం పెరుగుతుంది. ఆపైన నదిలో నాచు, సూక్ష్మజీవులు జిగురు పొరలా పట్టి రేణువును బరువెక్కించి అడుగుకు దింపుతాయి. ఆకులు కుళ్లి నీటిలో కరిగిన కర్బనం కూడా ఈ విషాల కోసం ప్లాస్టిక్‌తో పోటీ పడుతుంది. ఇన్ని సంగతులు కలిసిన చోట పెట్టె మీది 99.9 అనే ఒక్క అంకె ఎంత తేలికపాటిదో పాఠకులే ఊహించవచ్చు.

ఫిల్టరు సంగతికి వచ్చే ముందు ప్రమాదం ఏ మోతాదులో ఉందన్నది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. శాన్‌డియాగో రేవు నీటిలో నానబెట్టిన పాలిథీన్ పొడిని తిన్న చేపల్లోకి ఆ విషాలు చేరాయనీ, కాలేయం దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయనీ చెల్సీ రాక్‌మన్ బృందం 2013లో చూపించింది. మరోవైపు, ప్రకృతిలోని మట్టి, కరిగిన కర్బనం, చేపలు తినే ఆహారం మోసే విషంతో పోలిస్తే ప్లాస్టిక్ మోసే వాటా చాలా తక్కువని నెదర్లాండ్స్‌కు చెందిన ఆల్బర్ట్ కూల్‌మన్స్, సహ రచయితలు 2016లో లెక్కలు కట్టి వాదించారు. తాగునీటిలోని మైక్రోప్లాస్టిక్స్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక కూడా, ఉన్న సమాచారం పరిమితమని ఒప్పుకుంటూనే, వాటికి అంటిన రసాయనాల వల్ల ఆందోళన తక్కువ స్థాయిదేనని చెప్పింది. 150 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు శరీరంలోకి ఇంకే అవకాశం లేదనీ, సక్రమంగా నడిచే మామూలు నీటి శుద్ధి కేంద్రమే 90 శాతానికి పైగా రేణువులను తొలగించగలదనీ పేర్కొంది. నా దృష్టిలో ఈ నివేదిక ఫిల్టరు అక్కరలేదని చెప్పడం లేదు. నీటిలో కరిగి వచ్చే మందుల మీద పెట్టాల్సిన దృష్టినంతా ప్లాస్టిక్ మీదికి మళ్లించే ప్రకటనలను తూచి చూడమంటున్నది. ‘సక్రమంగా నడిచే’ అన్న షరతు మా ఊరి కొళాయికి ఏ ఋతువులో ఎంతవరకు వర్తిస్తుందో కొళాయి కింద బిందె పెట్టేవారికి తెలుసు.

ఇక యంత్రం. మొదటి గొట్టంలోని స్పన్ ఫిల్టరు తెల్లటి నూలు ఉండలా కనిపిస్తుంది గానీ అది కూడా పాలీప్రొపిలీన్ పోగులతో చేసినదే. ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌తోనే పట్టడం అన్నమాట. మార్చిన పాత స్పన్‌ను పారేయకుండా హెక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను. పైపొర మందంగా కాఫీరంగు మట్టితో జిడ్డుగా ఉంది, దాని కింద పొర లేత గోధుమ రంగు, నడిమి గొట్టాన్ని ఆనుకున్న పొర దాదాపు తెలుపు. పైపొరను గిన్నెలో నీటిలో జాడించి భూతద్దంతో చూస్తే మట్టి రేణువుల మధ్య నీలం, ఎరుపు పోగులు, పలచని పొర ముక్కలు కనిపించాయి. సూది మొనను దీపం మీద ఎర్రగా కాల్చి తాకిస్తే పోగులు ముడుచుకుని కరిగాయి. నూలు పోగు అయితే మాడుతుంది గానీ కరగదు. పరిశోధనశాలలు కూడా తొలి వడపోతగా వాడే తేలికపాటి పరీక్ష ఇది. దీనితో ఏ ప్లాస్టికో, దాని మీద ఏ మందు ఉందో తేలదు. అందుకు ఇన్‌ఫ్రారెడ్ లేదా రామన్ వర్ణపట యంత్రాలు, ఆపైన క్రొమాటోగ్రఫీ కావాలి. ఏమైనా, కంటికి కనిపించే పరిమాణం గల పోగులను స్పన్ పైపొరే ఆపుతున్నదన్న విషయంలో సందేహం లేదు. 5 మైక్రాన్లు అని రాసి ఉన్నా అది ఉజ్జాయింపు అంకె. అంతకన్నా చిన్నవి కొన్ని ఆగుతాయి, పెద్దవి కొన్ని జారిపోతాయి.

నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది ఆ మట్టి పొరే. నదిలో విషాన్ని పట్టిన రేణువు ఫిల్టరులో ఇరుక్కున్నంత మాత్రాన దానిలోని విషం అక్కడే ఉండిపోదు. ప్లాస్టిక్‌కూ నీటికీ మధ్య జరిగేది ఇచ్చిపుచ్చుకోవడమే. చుట్టూ ఉన్న నీటిలో విషం తక్కువైతే రేణువు మెల్లమెల్లగా తిరిగి వదులుతుంది. అందువల్ల వానాకాలపు మురికిని పట్టిన స్పన్‌ను శీతాకాలపు తేట నీటికి కూడా అలాగే వాడితే, పట్టుబడిన సరుకు కొద్దికొద్దిగా నీటిలోకి జారే అవకాశం ఉంది. ఇక్కడే కార్బన్ ప్రయోజనం తెలుస్తుంది. కొబ్బరి చిప్పల నుంచి చేసే ఈ ఉత్తేజిత కర్బనం ఒక్క గ్రాములో 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ప్లాస్టిక్ ఏ విషాలను ఇష్టపడుతుందో కార్బన్ కూడా వాటినే ఇష్టపడుతుంది, అంతకన్నా బలంగా పట్టుకుంటుంది. స్పన్ వదిలిన దాన్నీ, నీటిలో కరిగి వచ్చిన క్లోర్‌పైరిఫాస్‌నూ వెనకనున్న కార్బన్ గొట్టాలు అందుకుంటాయి. అయితే రేణువులోంచి విషం బయటికి రావడానికి రోజులు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నీరు కార్బన్ గొట్టాన్ని దాటే కాలం క్షణాలు. కనుక స్పన్‌ను తప్పించుకున్న చిన్న రేణువు తాను మోసే విషంతో సహా కార్బన్‌ను కూడా దాటిపోగలదు. దాన్ని ఆపాల్సింది చివరి యూఎఫ్ పొర. ఆ పొర రంధ్రాలు 0.01 నుంచి 0.1 మైక్రాన్ల మధ్య ఉంటాయి. కరిగిన పదార్థాన్ని అది ఏమీ చేయలేదు గానీ రేణువును నిలబెడుతుంది. రేణువుకు యూఎఫ్, విషానికి కార్బన్, రెండిటి మీదా భారం తగ్గించడానికి స్పన్. ఈ వరుస సరైనదే, ఈ యంత్రంలో నేను మెచ్చుకున్న మొదటి సంగతి అదే.

మెచ్చుకోలేనిది ఆ 99.9 శాతం. ఏ పరిమాణపు రేణువుల మీద పరీక్షించారో పెట్టె మీద లేదు, లోపలి పుస్తకంలోనూ లేదు. కంపెనీ ఫోను నంబరుకు అడిగితే ‘ల్యాబ్ సర్టిఫైడ్’ అన్న జవాబు తప్ప నివేదిక రాలేదు. ఒక మిల్లీమీటరు ముక్కల్లో 99.9 శాతాన్ని పాత పంచె గుడ్డ కూడా ఆపగలదు. అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ 401 అనే ప్రమాణం కింద అరమైక్రాను నుంచి ఒక మైక్రాను వరకు ఉన్న రేణువులతో పరీక్ష చేస్తారు. అలాంటి గుర్తు ఉంటే ఆ అంకెకు విలువ ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది, పురుగుమందులకు విడివిడిగా హద్దులు పెట్టింది గానీ మైక్రోప్లాస్టిక్స్‌కు హద్దు పెట్టలేదు. హద్దు లేని చోట శాతాలు రాసుకోవడానికి అడ్డు ఎవరు?

ఆర్వో కొనమని దుకాణంలోనూ, ఇంటికొచ్చిన చుట్టాలూ గట్టిగానే చెప్పారు. రంధ్రం ఎంత చిన్నదైతే అంత మంచిదన్న లెక్కన ఆర్వో ముందుంటుంది. రేణువులను మాత్రమే కాక కరిగిన మందుల్లో చాలావాటిని కూడా అది ఆపుతుంది, గ్లైఫోసేట్ విషయంలో కార్బన్ కన్నా అదే నయం. కానీ కొండల నుంచి దిగే వంశధార నీటిలో ఉప్పులు తక్కువ. దుకాణం మీటరుతోనే చూస్తే మా కొళాయి నీటి టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న ఉప్పుల మొత్తం, 200 మిల్లీగ్రాములు కూడా దాటలేదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించడానికి కారణం ఆర్వో పారబోసే నీరు. ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెలు కాలువ పాలవుతాయి, ఆ కాలువ చేరేది మళ్లీ వంశధారనే. పైగా 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సీసా నీటిని పరీక్షించి లీటరుకు సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ కణాలున్నాయనీ, వాటిలో సుమారు 90 శాతం మైక్రాను కన్నా చిన్న నానో కణాలనీ తేల్చినప్పుడు, వాటిలో పాలిఅమైడ్ ఎక్కువగా కనిపించడానికి నీటిని శుద్ధి చేసే పొరలే కారణం కావచ్చని అనుమానించారు. ఆర్వో పొర తయారయ్యేది పాలిఅమైడ్‌తోనే. అలాగని యూఎఫ్ పవిత్రమైనదేమీ కాదు, అదీ ప్లాస్టిక్ గొట్టాల కట్టే. దాని నుంచి ఏమి రాలుతుందో ఇంట్లో కొలిచే సాధనం లేదు.

ఈ యంత్రానికి అసలు పరీక్ష జూన్, జూలైల్లో కొత్త నీరు దిగినప్పుడు. నది ఎర్రబారిన నాటి నుంచి కొళాయి ధార రోజురోజుకూ సన్నబడింది, స్పన్ వారాల్లోనే గోధుమ రంగుకు తిరిగింది. ఇది మట్టి ఒక్కదాని సంగతి కాదు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల అడుగు మట్టిని వరదకు ముందూ తర్వాతా పోల్చి చూసిన రేచెల్ హర్లీ బృందం, అడుగున పేరుకున్న మైక్రోప్లాస్టిక్స్‌లో సుమారు 70 శాతాన్ని వరదలు కడిగి తీసుకుపోయాయని 2018లో ప్రకటించింది. వేసవంతా ఇసుకలో, నాచులో దాగి విషాన్ని పీల్చుకున్న సరుకు మొదటి వరదలో ఒక్కసారిగా కదులుతుంది. అదే సమయంలో చేలల్లో మందు చల్లడం మొదలవుతుంది. ఆ రెండు నెలలు ఫిల్టరు మీద పూర్తిగా ఆధారపడడం సరికాదు. నీటిని బిందెలో పట్టి, పటిక తిప్పి, రాత్రంతా తేరనిచ్చి, పైనీటిని మాత్రమే ఫిల్టరు తొట్టిలోకి పోస్తే స్పన్ ఆయువు రెట్టింపు అయినట్టే ఉంది. మా పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి వేసేవారు. పని చేసే సూత్రం దాదాపు ఒకటే, తేలియాడే మట్టితో పాటు దానికి అంటిన రేణువులు కూడా ఉండకట్టి అడుగుకు చేరతాయి. ఈ యంత్రానికి పైన నీరు పోసుకునే తొట్టి విడిగా కొనుక్కోవాలి, అది పెట్టెలోనే ఇచ్చి ఉంటే బాగుండేది.

సర్వీసు గురించి రెండు రకాలుగా చెప్పాలి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు పనిమంతుడు. తెలుగు, ఒడియా రెండూ ధారాళంగా మాట్లాడుతూ, మొదటి అరగంట నీటిని పట్టుకోవద్దని, కార్బన్ నలుపూ కొత్త స్పన్ నూగూ కొట్టుకుపోవాలని తనంతట తానే చెప్పాడు. ఇది చాలామంది మెకానిక్‌లు చెప్పని మాట. కానీ కార్ట్రిడ్జి మార్చే సమయం వచ్చేసరికి వ్యవహారం మారింది. ‘మాస్టారూ, నీళ్లు బాగానే పడుతున్నాయి కదండీ, కార్బన్ ఇంకో ఆరునెలలు లాగించేయొచ్చు’ అన్నాడు దుకాణదారు. మర్యాదగా, నాకు డబ్బు మిగల్చాలన్న ఉద్దేశంతోనే అన్నాడు. అయితే స్పన్ నిండితే ధార తగ్గి మనకు తెలుస్తుంది. కార్బన్ నిండితే ఏ సూచనా ఉండదు. నీరు అంతే ధారగా, అంతే తేటగా వస్తుంది. నిండిన కార్బన్ కొత్త విషాన్ని పట్టకపోగా, ఎక్కువ ఇష్టమైన పదార్థం వచ్చినప్పుడు తక్కువ ఇష్టమైన దాన్ని వదిలేస్తుంది కూడా. ఎన్ని లీటర్లకు మార్చాలో పుస్తకంలో రాశారు గానీ ఎన్ని లీటర్లు పారిందో చూపే మీటరు యంత్రానికి లేదు. కరెంటు లేకుండా నడిచే చిన్న చక్రపు మీటరు బిగించడం పెద్ద ఖర్చు కాదు, అది లేకపోవడాన్ని నేను ఈ యంత్రంలోని అతిపెద్ద లోపంగా లెక్కిస్తున్నాను. సంవత్సర కాలపు సర్వీసు ఒప్పందంలో స్పన్ మాత్రమే చేరి, కార్బన్ గొట్టాలకు విడిగా డబ్బు తీసుకోవడం కూడా బాగాలేదు. ఖరీదైనది ఒప్పందం బయట ఉంటే ఇంటి యజమాని దాన్ని వాయిదా వేస్తాడు.

ఇంకొకటి. మార్చిన పాత కార్ట్రిడ్జిలను ఏం చేస్తారని అడిగితే దుకాణదారు దుకాణం వెనక గోడ వైపు చూపించాడు. స్పన్‌లు, గొట్టాలు, విరిగిన యూఎఫ్‌లు అక్కడ ఎండలో గుట్టగా పడి ఉన్నాయి, పైపోగులు గాలికి లేచిపోతున్నాయి. నదిలోంచి పట్టిన రేణువులనూ, వాటిని పట్టిన పాలీప్రొపిలీన్‌నూ కలిపి తిరిగి వానకు అప్పగించే ఏర్పాటు ఇది. మేము మా పాత స్పన్‌లను నీరు ఓడ్చి, సంచిలో కట్టి ఇంట్లోనే ఉంచుతున్నాం, పాత కార్ట్రిడ్జిలను కంపెనీ వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని దుకాణం ద్వారా రాసి పంపాం. ‘అందరూ మీలా అడగరండీ’ అన్నాడు ఆయన. జవాబు ఇంకా రాలేదు.

ఫిల్టరు వద్దనుకునే వారు తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్ల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. కొట్ల ముందు గీతలు పడ్డ క్యాన్లు రోజంతా ఎండలో ఉంటున్నాయి, లోపలి నీరు ఏ పొరలోంచి వచ్చిందో, ఆ పొర ఎప్పటిదో అడిగే వీలు లేదు. కాచి చల్లార్చడం క్రిములకు ఎప్పటికీ మంచిదే. నీటిని మరిగించి వడగడితే ప్లాస్టిక్ రేణువులు పోతాయని 2024లో చైనా పరిశోధకులు చూపినది నిజమే గానీ, అది సున్నపు శాతం ఎక్కువగా ఉన్న కఠిన జలానికి 90 శాతం దాకా, మెత్తటి నీటికి సుమారు 25 శాతం మాత్రమే. కాగినప్పుడు పేరుకునే సున్నం రేణువులను చుట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది; మా గిన్నెలకు తెల్ల పట్టు పెద్దగా పట్టదు కాబట్టి మాకు ఆ లాభం తక్కువే. ఫిల్టరు నీటిని మళ్లీ ప్లాస్టిక్ బిందెలో పట్టి ఉంచడం ఎందుకో నాకు అర్థం కాదు. స్టీలు బిందె ఉండగా ఆ పని ఎవరూ చేయకూడదు.

మొత్తం మీద, నది నీరు కొళాయికి వచ్చే ఇళ్లకు, అంటే గుణుపురం, కాశీనగర్ వంటి చోట్ల, ఈ అమరికను నేను ఆర్వో కన్నా ముందు సిఫారసు చేస్తాను. ఐదు మార్కులకు మూడున్నర. రేణువుల విషయంలో నాలుగు ఇవ్వవచ్చు, కరిగిన పురుగుమందుల విషయంలో కార్బన్ కొత్తగా ఉన్నంత కాలం నాలుగు, పాతబడితే ఒకటి. కొనేటప్పుడు కార్బన్ బ్లాకు బరువు ఎంత, దాని సామర్థ్యం ఎన్ని లీటర్లు అని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు అనుకుని భాగించుకుంటే మార్చాల్సిన తేదీ వస్తుంది, దాన్ని గొట్టం మీదనే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి. యూఎఫ్ పోగు ఒక్కటి తెగినా రేణువులు నేరుగా దాటిపోతాయి కాబట్టి ధార అకస్మాత్తుగా పెరిగితే సంతోషించకుండా మెకానిక్‌ను పిలవండి.

బోరు నీరు వాడే వారు మాత్రం ఇది కొనవద్దు. బోరు నీటిలో ప్లాస్టిక్ సమస్య తక్కువ, ఉప్పులు, ఇనుము, కొన్నిచోట్ల ఫ్లోరైడు సమస్య ఎక్కువ. వాటిలో కరిగిన ఉప్పులనూ ఫ్లోరైడునూ స్పన్ గానీ కార్బన్ గానీ యూఎఫ్ గానీ తీయలేవు. అలాంటి వారు ముందుగా నీటిని పరీక్ష చేయించుకుని, టీడీఎస్ నిజంగా 500 దాటితేనో, ఫ్లోరైడు హద్దు మీరితేనో ఆర్వోకు వెళ్లడం సబబు.